కొత్త బట్టల బదులు వచ్చిన కార్డు

నిన్న మా వదిన ఒక కొత్త గ్రాఫిక్స్ కార్డుకి పసుపు పెడుతుంటే చూసి నాకు ఒళ్ళు మండింది.

వదిన అంటే మా మేనత్త కూతురు. నాకంటే కొన్ని నెలలే పెద్ద. అయినా వరస వరసే కాబట్టి ఊహ తెలిసినప్పటి నుంచి వదిన అనే పిలవాల్సి వచ్చింది. ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో వాళ్ళింటి ముందు గదిలో గేమింగ్ కంప్యూటర్లు బిగించి అమ్ముతుంది. కాలేజీ కుర్రాళ్ళు వచ్చి, బయట చెప్పులు విడిచి, గుళ్ళోకి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడతారు. నిన్న ఏదో పని మీద అటు వెళ్ళాను. బల్ల మీద కార్డు, పక్కన చిన్న గిన్నెలో తడిపిన పసుపు. ఉంగరం వేలితో కాస్త తీసి కార్డు మీద ప్లాస్టిక్ మూతకి ఒక మూల అద్దింది. అచ్చం మా నానమ్మ అద్దినట్టే, మణికట్టు కూడా అలాగే తిప్పి.

ఆ పసుపు నాది. నానమ్మ దాన్ని ముందు నా కార్డుకి పెట్టింది. ఇది చెప్పాలంటే చిక్కడపల్లిలో మా పాత ఇంటికి వెళ్ళాలి.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు, కింద ఏదో స్టడీ హాల్ నడుస్తోంది. మా రోజుల్లో ఆ సందులో ఆటో వస్తే స్కూటర్ పక్కకి ఒదిగి నిలబడాలి. మాకు కింద మూడు గదులు, పైన ఒక్కటే గది, దానికి బయట నుంచి ఇనప మెట్లు. ఆ పైగది ఎప్పుడూ సర్కారు ఉద్యోగాల పరీక్షలకి చదివేవాళ్ళకే కిరాయికి ఇచ్చేవాళ్ళం. పొద్దున్నే వాళ్ళు అశోక్‌నగర్ వైపు పుస్తకాల సంచులతో వెళ్ళిపోతే, సాయంత్రం ఆ మెట్లు ఠంగుఠంగుమన్నాక మాకు పొద్దు పోయిందని తెలిసేది. సందు చివర జిరాక్స్ షాపు, దాని పక్కనే బజ్జీల బండి. వేడి కాగితం వాసన, కాగిన నూనె వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా జిరాక్స్ తీయిస్తుంటే నాకు ఆకలేస్తుంది.

నాకు చిన్నప్పటి నుంచి కుళ్ళు ఎక్కువ. దాచుకోవడం ఎందుకు? క్లాసులో ఎవరి పుస్తకం అట్ట బాగుంటే వాళ్ళ మీద, పక్కింట్లో చేపల కూర వాసన వస్తే వాళ్ళ మీద. కానీ అవన్నీ చిల్లర కుళ్ళు. వదిన మీద ఉన్నది మాత్రం గట్టిది.

ఒక ఏడు వేసవిలో మామయ్య, అంటే వదిన వాళ్ళ నాన్న, ఆమెకి గేమింగ్ కంప్యూటర్ కొన్నారు. షాపువాళ్ళే వచ్చి బిగించి వెళ్ళారట. పక్కన అద్దంలాంటి తలుపు, లోపల నీలం లైట్లు, తిరిగే ఫ్యాన్లు. చూడటానికి మమ్మల్ని భోజనానికి పిలిచారు. నేను అన్నం సగంలో వదిలేసి గదిలోకి పరుగెత్తాను. కీబోర్డు మీద వేలు పెట్టబోతుంటే వదిన అడ్డం వచ్చింది.

"చెయ్యి కడుక్కుని రా."

కడుక్కుని వచ్చాను. సబ్బుతో మళ్ళీ కడుక్కోమంది. మళ్ళీ కడుక్కున్నాను. అప్పుడు పక్కనే ఒక ప్లాస్టిక్ స్టూల్ వేసి, "కూర్చో. నేను ఆడతా, నువ్వు చూడు" అంది.

చూశాను. కార్ల రేసు. వాన పడుతున్న రోడ్డు మీద ఎర్ర కారు, ఆ తడిలో లైట్లు పడి మెరుస్తుంటే నాకు నోరు తెరుచుకుపోయింది. మధ్యాహ్నమంతా ఆ స్టూల్ మీదే ఉన్నాను. తిరిగి వచ్చేటప్పుడు నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, స్కూటర్ మీద నాన్న వీపుకి ముఖం ఆనించి ఏడ్చాను. గాలికి కళ్ళు మండుతున్నాయా అని నాన్న అడిగాడు. అవునన్నాను.

మా ఇంట్లో కంప్యూటర్ లేదు. ఆడాలంటే సందు మలుపులో ఇంటర్నెట్ సెంటర్, అది కూడా చెక్క గదుల్లో పెద్ద కుర్రాళ్ళు ఉంటారని అమ్మ వెళ్ళనిచ్చేది కాదు. ఆ వానాకాలంలో నాన్న పనిచేసే కంపెనీలో పాత కంప్యూటర్లు తీసేసి, కావలసిన స్టాఫ్‌ని తీసుకోమన్నారు. వంతెనలకి డ్రాయింగులు గీసే ఆఫీసు అది. ఒక రోజు సాయంత్రం నాన్న ఆటోలో ఒక నల్లటి ఇనప డబ్బా, ఒక మానిటర్ తెచ్చి వరండాలో దింపాడు. డబ్బా బియ్యం బస్తా అంత బరువు. మానిటర్ అంచున ఎవరిదో మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు అంటుకుని ఉంది. ముఖం కడుక్కునేటప్పుడు తీసి అక్కడ అంటించి మర్చిపోయి ఉంటుంది పాపం అని అమ్మ నవ్వింది. ఆ బొట్టు మేం తీయలేదు.

డబ్బాలో లైట్లు లేవు, అద్దం లేదు. ఆన్ చేస్తే పిండిమర మొదలైనట్టు మోగింది. కార్ల గేమ్ సీడీ ఎవరి దగ్గరో అడిగి తెచ్చి వేస్తే, ఎర్ర కారు రోడ్డు మీద ఆగి ఆగి, ముక్కలు ముక్కలుగా కదిలింది. వాన లేదు, మెరుపు లేదు. నేను కీబోర్డు పక్కకి తోసేశాను.

అప్పుడు పైగదిలో ఉండే అన్న దిగి వచ్చాడు. నల్గొండ వైపు పల్లెటూరు ఆయనది. ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసి, ఉద్యోగం పరీక్షల కోసం సిటీకి వచ్చాడు. డబ్బా పక్క రేకు తీసి లోపలికి తొంగి చూశాడు.

"ఏంది చెల్లె, గింత దుమ్ముంది! పొలం దున్నొచ్చు."

"అన్నా, దీంట్ల ఆ కార్ల గేమ్ మంచిగ రాదా?"

"ఎందుకు రాదు? గిది మామూలు డబ్బా గాదు, ఇంజనీర్లు వాడేది. లోపల సరుకు గట్టిది. బొమ్మ చూపించేటి కార్డే ముసల్ది. గది మారిస్తే చాలు."

"మా వదిన దాని కన్నా మంచిగ వస్తదా?"

అన్న నన్ను చూసి నవ్వాడు. "నీకు గేమ్ గావాల్నా, మీ వదిన గావాల్నా?"

నాకు వదినే కావాలి. దసరాకి అత్తయ్య వాళ్ళందరూ మా ఇంటికి భోజనానికి వస్తారు. అది ప్రతి ఏడూ ఉన్నదే. ఆ రోజు వదినని ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చోబెట్టి, వానలో ఎర్ర కారు నడిపి చూపించాలి. నాకు కావలసింది ఇంతే.

ముందు శుభ్రం చేద్దామన్నాడు అన్న. మెత్తటి బ్రష్ కావాలంటే నాన్న గడ్డం గీసుకునే బ్రష్ తెచ్చిచ్చాను. లోపల ఒక గుండుసూది, చాక్లెట్ కాగితం, ఎండిపోయిన బల్లిపిల్ల దొరికాయి. మెమరీ పట్టీలు ఊడదీసి, వాటి అంచున కరెంటు తగిలే బంగారు రంగు పళ్ళని నా కంపాస్ బాక్సులోని తెల్ల రబ్బరుతో ఎలా రుద్దాలో చూపించాడు. "గట్టిగ గాదు చెల్లె. పసిపిల్లకు నలుగు పెట్టినట్టు." మర్నాడు పొద్దున నాన్న ముఖమంతా బూడిద రంగు నురగతో బాత్‌రూమ్‌లోంచి బయటికి వచ్చి, ఎవరని అడగకుండా నా వైపే చూశాడు.

ఇక కార్డు. పెద్ద కార్డు పెడితే పాత పవర్ సప్లై గుంజలేదని, విడిగా కరెంటు తీగ అక్కర్లేని చిన్న కార్డు చాలని అన్న చెప్పాడు. పాత సామాన్ల బజారులో దొరుకుతుందన్నాడు. నాన్న కాదనలేదు, అవుననలేదు. అప్పుడు నేనే అన్నాను, ఈ దసరాకి నాకు కొత్త బట్టలు వద్దు, వాటి బదులు ఆ కార్డు కొనమని.

నానమ్మ చేతిలో చిక్కుడుకాయలు వదిలేసింది. "పండగ పూట పిల్లకి కొత్త గుడ్డ లేకపోతే ఎలారా? మీ అక్క ఏమనుకుంటుంది?"

"అదే అడుగుతోందమ్మా, నన్నేం చెయ్యమంటావు?"

"అడిగితే మాత్రం? రేపు పెళ్ళికి కూడా చీర వద్దు, రేకుముక్క కావాలంటుంది. కొంటావా?"

నాన్న కొన్నాడు. పండక్కి ముందు రోజు అన్నని స్కూటర్ ఎక్కించుకుని వెళ్ళి, వెండి రంగు సంచిలో పెట్టిన కార్డు తెచ్చాడు. అప్పటికప్పుడే బిగించేద్దామని నేను గంతులు వేస్తుంటే నానమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. పండగ బట్ట పండగ రోజు దేవుడి ముందు పెట్టకుండా ఒంటికి తాకించకూడదు. బట్టల బదులు వచ్చిందంటే ఇదీ బట్టే. సంచి తన చేతిలోకి తీసుకుని దేవుడి అరలో పెట్టేసింది. అన్న కూడా, "గంతే చెల్లె, రేపు సూద్దాం. పరేషాన్ గాకు" అని పైకి వెళ్ళిపోయాడు.

దసరా పొద్దున నలుగు, కుంకుడుకాయ రసం, కళ్ళ మంట. గుమ్మాలకి నారాయణగూడ మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూల దండలు. నాన్న స్కూటర్‌కి, అమ్మ కుట్టు మిషన్‌కి, మిక్సీకి, కత్తిపీటకి, నా నల్ల డబ్బాకి కూడా గంధం బొట్లు. వంటింట్లోంచి పులిహోర, గారెలు, సేమ్యా పాయసం. ఇల్లంతా పసుపు, ఇంగువ, కర్పూరం. నేను పోయిన ఏడాది గౌను వేసుకుని, మోకాళ్ళ పైకి వచ్చేస్తుంటే కిందికి లాక్కుంటూ తిరిగాను.

పూజ అయ్యేసరికే అత్తయ్య వాళ్ళు వచ్చేశారు. వదిన కొత్త లంగా, ఓణీ వేసుకుంది. ఆకుపచ్చ లంగాకి చేతి వెడల్పు జరీ అంచు. నానమ్మ దాన్ని పట్టుకుని, అంచున ఒక మూల పసుపు మరక ఉందో లేదో చూసి, కనిపించాక వదిన బుగ్గలు పుణికింది. కూతురి కూతురంటే ఆవిడకి ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే. బట్టలు వద్దని నేనే అన్నాను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

భోజనాలయ్యాక అన్న దిగి వచ్చాడు. అందరూ ముందు గదిలో చేరారు. నేను వదినకి ప్లాస్టిక్ స్టూల్ వేశాను.

"కూర్చో వదినా. నువ్వు చూడు."

కూర్చుంది. అన్న సంచిలోంచి కార్డు తీసి డబ్బాలో నొక్కి, మర బిగించి, రేకు మూశాడు. స్విచ్ నొక్కాను. పిండిమర మొదలైంది. తర్వాత డబ్బా టీక్ టీక్ టీక్ అని అరిచింది. మానిటర్ మీద ఏమీ లేదు, మెరూన్ బొట్టు తప్ప.

ఆపి మళ్ళీ వేశాం. మళ్ళీ టీక్ టీక్. అన్న ముఖంలో రంగు పోయింది. "నిన్న దుకాణంల మంచిగనే వచ్చింది సార్, మీరు సూసిండ్రు గదా" అని నాన్నతో అన్నాడు. మామయ్య సోఫాలోంచి, "పాత సామాను అంతేనోయ్ బావమరిదీ. సీలు, వారంటీ ఉన్నవే కొనాలి" అన్నారు. నేను వదిన వైపు చూడలేదు. చూస్తే నవ్వుతూ ఉంటుంది. గౌను కిందికి లాక్కుని నేల చూస్తూ నిలబడ్డాను. ఆ క్షణంలో నాకు కంప్యూటర్లన్నీ తగలబడిపోవాలనిపించింది, ముందు హిమాయత్‌నగర్‌లోది.

స్టూల్ కదిలిన చప్పుడైంది. వదిన లేచి వచ్చి, ఆ జరీ లంగాతోనే నేల మీద చతికిలబడింది.

"అన్నా, కరెంటు తీసి అది ఒకసారి బయటికి తీయండి."

అన్న తీసి ఇచ్చాడు. వదిన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. "పసుపు వాసనొస్తోంది."

"ఇల్లంతా అదే వాసన" అన్నాను విసురుగా.

వదిన కార్డు అంచున బంగారు రంగు పళ్ళ మీద బొటనవేలితో గీసి, ఆ వేలు పైకెత్తి చూపించింది. వేలు పచ్చగా ఉంది. బంగారం మీద పసుపు ఎవరికి కనిపిస్తుంది? అన్నకీ కనిపించలేదు, నాకూ కనిపించలేదు. అందరం ఒక్కసారే నానమ్మ వైపు తిరిగాం.

"నానమ్మా, దీనికి పసుపు పెట్టావా?"

"పెట్టకుండా ఎలాగే?" నానమ్మకి మా అందరి ముఖాలు చూసి కోపం వచ్చింది. "కొత్త బట్టకి అంచున పసుపు పెట్టమూ? దానికి బంగారు అంచు ఉంది కదా, ఆ అంచు పొడుగునా పెట్టాను. ఒక్క మూల పెడితే పిల్లకి చాలదేమో అని నిండుగా పెట్టాను."

నాన్న ముందు నవ్వాడు. తర్వాత మామయ్య, తర్వాత అందరూ. అన్న నవ్వుతూనే తలపట్టుకున్నాడు. "పెద్దమ్మా, నువ్వు పెట్టినవ్ గని, మాకు జర చెప్పొద్దా?" నాకు నవ్వు రాలేదు. అది కూడా వదినే కనిపెట్టాలా అని మండిపోతోంది నాకు. పరుగెత్తి వెళ్ళి కంపాస్ బాక్సులోంచి రబ్బరు తెచ్చాను. ఎలా రుద్దాలో ఆ గదిలో అన్న తర్వాత నాకే తెలుసు.

వదిన చెయ్యి చాచింది. "నేను రుద్దనా? ఒక్కసారి. ప్లీజ్."

వేసవి నుంచి నా నాలుక మీద కూర్చున్న మాట దానంతటదే వచ్చింది. "చెయ్యి కడుక్కుని రా."

అందరి ముందూ అన్నాను. అత్తయ్య కళ్ళు పెద్దవి చేసింది. కానీ వదిన కార్డు నా చేతిలో పెట్టింది. లేచి వెళ్ళింది. పెరట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. వచ్చి, తడి చేతులు ఆ కొత్త ఓణీకే తుడుచుకుని నా ముందు చాపింది. ఇవ్వక తప్పలేదు. "పసిపిల్లకి నలుగు పెట్టినట్టు" అని మాత్రం చెప్పాను, అది నా మాటే అయినట్టు.

నాలుక కొస బయటపెట్టి రుద్దింది. అన్న స్లాటులో దుమ్ము దులిపి, కార్డు మళ్ళీ పెట్టాడు. ఈసారి డబ్బా ఒక్కసారే టీక్ మని ఊరుకుంది. మానిటర్ వెలిగింది.

నేను కుర్చీలో కూర్చున్నాను. వాన పడింది. తడి రోడ్డు మీద ఎర్ర కారు ఎక్కడా ఆగకుండా జారిపోయింది. వదిన వాళ్ళింట్లో ఉన్నంత నున్నగా కాదు, కానీ చాలు. నానమ్మ నా వెనక నిలబడి, "చూశావా, పసుపు మహిమ" అంది. నేను ఓరగా వదిన ముఖం చూశాను. అది కుళ్ళే. ఆ జబ్బు నాకు బాగా తెలుసు కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాలేదు. సేమ్యా పాయసం కంటే తియ్యగా అనిపించింది.

కానీ వదిన మానిటర్ వైపు చూడటం లేదు. నేల మీదే కూర్చుని, తెరిచి ఉన్న డబ్బా లోపలికి చూస్తోంది.

"నీది విప్పనిస్తారే" అంది మెల్లగా. "మా దానికి సీలు వేశారు. ముట్టుకుంటే వారంటీ పోతుందని నాన్న దగ్గరికి రానివ్వరు. లోపల ఏముందో అద్దంలోంచి చూడటమే." తర్వాత నానమ్మ వైపు తిరిగి, "అమ్మమ్మా, మా దానికి ఎందుకు పెట్టలేదు పసుపు?" అని అడిగింది.

"మీ నాన్న నన్ను మాత్రం ముట్టుకోనిచ్చాడా?" అంది నానమ్మ.

ఆ తర్వాత వదిన ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేది. నా ఆనందానికి హద్దు లేదు. హిమాయత్‌నగర్ అద్దాల కంప్యూటర్ వదిలేసి మా ఇనప డబ్బా కోసం వస్తోంది కదా. నేను కుర్చీలో కూర్చుని గేమ్ ఆడేదాన్ని. అయిపోగానే వదినా, అన్నా డబ్బా విప్పేవారు. ఫ్యాన్ తీసేవారు, నూనె చుక్క వేసేవారు, మళ్ళీ పెట్టేవారు. నానమ్మ గుమ్మంలో కూర్చుని కందిపప్పు ఏరుతూ, "ఏ ముక్కకైనా పసుపు కావాలంటే చెప్పండే" అనేది. ఒక్కోసారి నన్ను కూడా రమ్మనేవారు. "మీరు బిగించండి, బిగించాక పిలవండి" అనేదాన్ని నేను. కుర్చీ నాది. ఎవరు లేపుతారు నన్ను?

అన్నకి తర్వాత వాళ్ళ జిల్లాలోనే ఉద్యోగం వచ్చింది. నానమ్మ పోయింది. ఇల్లు కట్టడానికి ఇచ్చేసి మేం అంబర్‌పేటకి మారేటప్పుడు, ఆ డబ్బా ఎక్కడ పెట్టాలని అమ్మ అడిగితే, వదిన వచ్చి ఆటోలో వేసుకుని పోయింది. నాకు అప్పటికి లాప్‌టాప్ వచ్చింది. వద్దనలేదు.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఆఫీసువాళ్ళ లాప్‌టాప్. అడుగున సీలు ఉంటుంది. విప్పితే ఉద్యోగం పోతుందని చేరిన రోజే చెప్పారు. మంచి కుర్చీ కూడా ఇచ్చారు, నడుముకి మెత్త ఉన్నది.

నిన్న వదిన గదిలో ఆ పసుపు గిన్నె చూసి నాకు మండింది అందుకే. మూలన మా నల్ల డబ్బా ఉంది, దాని మీద మరమేకుల డబ్బాలు పేర్చుకుంది. బల్ల మీద, నేల మీద విప్పిన కంప్యూటర్లు. నాకు తెలియకుండానే కొత్త కార్డు వైపు చెయ్యి చాచాను.

"చెయ్యి కడుక్కుని రా" అంది వదిన, తల ఎత్తకుండా.

వెళ్ళి కడుక్కుని వచ్చాను. కార్డు నా చేతిలో పెట్టి, తను అవతల ఏదో తీగ సర్దుతోంది. కార్డు చల్లగా, బరువుగా ఉంది. బంగారు అంచు మెరుస్తోంది. పసుపు గిన్నె పక్కనే ఉంది. ఉంగరం వేలితో తీసి, ఆ అంచు పొడుగునా నిండుగా పెట్టేశాను.

వదిన ఇటు తిరిగి చూసింది. నన్ను చూసింది, కార్డుని చూసింది. తిడుతుందనుకున్నాను. సొరుగు లాగి, తెల్ల రబ్బరు తీసి నా మీదికి విసిరింది.

"ఎవరు పూశారో వాళ్ళే రుద్దాలి."

కుర్చీ ఖాళీగానే ఉంది, అయినా నేల మీద కూర్చున్నాను. పసిపిల్లకి నలుగు పెట్టినట్టు, మెల్లగా రుద్దాను. తొందరగా అయిపోతే మళ్ళీ లేచి కుర్చీలోకి వెళ్ళాలి.